ఇరవై రోజుల బేరం

పాఠకులు నన్ను క్షమించాలి. ఈ వారం నేను బంతాట గురించి రాయబోతున్నాను. బంతాటకూ నాకూ వున్న చుట్టరికం, హైస్కూలులో మా డ్రిల్లు మాస్టారు నన్ను గోలు దగ్గర నిలబెట్టిన సాయంత్రమే తెగిపోయింది. ఆ వేళ బంతి నా కాళ్ళ సందునుంచి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్క రాసినవాడు ఇప్పటికీ బతికే వున్నాడు గనుక ఆ సంఖ్య ఇక్కడ చెప్పను.

2022 సెప్టెంబరులో నేను మా అమ్మాయి యింట్లో వున్నాను. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, లింకన్ పట్టణం. మా అల్లుడు అక్కడ ఒక భీమా కంపెనీలో కంప్యూటర్ల పని చేస్తున్నాడు. ఆ రాష్ట్రమంతా కలిపి జనాభా యిరవై లక్షలకు అటూ యిటూ. మన దగ్గర ఒక మోస్తరు జిల్లాకు చాలదు. ఊరు దాటితే ఎటు చూసినా మొక్కజొన్న చేలు. అక్కడి విశ్వవిద్యాలయం ఆటగాళ్ళకు పేరు కూడా దానిమీదే పెట్టారు: కార్న్‌హస్కర్లు. అంటే, మొక్కజొన్న పొత్తులు వొలిచేవాళ్ళు. డబ్బు పుచ్చుకుని ఆడే పెద్ద జట్టు ఆ రాష్ట్రంలో ఒక్కటీ లేదు. కనుక వున్న ప్రేమంతా ఈ కాలేజీ కుర్రాళ్ళ మీదే కుమ్మరిస్తారు. ఆట జరిగే శనివారంనాడు ఆ స్టేడియంలో ఎనభై అయిదు వేలమంది కూర్చుంటారు. ఆ పూటకు రాష్ట్రంలో ఒమాహా, లింకన్ల తరువాత మూడో పెద్ద పట్టణం ఆ స్టేడియమేనని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

ఫుట్‌బాల్ అనగానే మనకు హైదరాబాదు రహీం సాహెబు గుర్తుకొస్తాడు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో మనవాళ్ళను నాలుగో స్థానంలో నిలబెట్టి, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టిన మహానుభావుడు. ఆయన నేర్పిన ఆట ఇది కాదు. ఇందులో బంతి కోడిగుడ్డు ఆకారంలో వుంటుంది. కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరుగెత్తేది ఎక్కువ. దాడి చేసే పదకొండుగురు వేరు, అడ్డుకునే పదకొండుగురు వేరు. ఒక్కొక్క విద్యకు ఒక్కొక్క గురువు. పెద్ద కోచ్ కింద అప్పట్లో పదిమంది సహాయ కోచ్‌లు వుండేవారు. జట్టు ఓడినప్పుడు తప్పు ఎవరిదనే చర్చ అంత రంజుగా వుండడానికి కారణం అదే. వేలు చూపించడానికి పదకొండుమంది దొరుకుతారు.

సెప్టెంబరు 10, శనివారం సాయంత్రం పొరుగింటాయన మా అల్లుడికి రెండు టిక్కెట్లిచ్చాడు. ఆయనకు డెబ్బయి దాటాయి. వ్యవసాయం చేసి, పొలం కొడుకు కప్పగించి పట్నం చేరాడు. ఆ టిక్కెట్లు ఆయన తండ్రి కాలంనాటివి. 1962 నవంబరు నుంచి అక్కడ టిక్కెట్లన్నీ అమ్ముడు పోని ఆట ఒక్కటీ లేదట. ఆనాటి నుంచీ ఆ కుర్చీలు వాళ్ళ కుటుంబానివే. పెళ్ళిళ్ళయినా, చావులయినా కుర్చీలు మాత్రం ఖాళీగా వుంచలేదని చెప్పాడు. ఇంకొక మాట కూడా అన్నాడు. "వచ్చే యేడు వొదిలేద్దామనుకుంటున్నాను. నావల్ల కావడం లేదు."

నేను అల్లుడి వెంట వెళ్ళాను. ఎర్ర చొక్కాల సముద్రం. తమవాళ్ళు మొదటి పాయింట్లు కొట్టగానే ఎర్ర బుడగలు వేలకు వేలు ఆకాశంలోకి వదలడం అక్కడి ఆనవాయితీ అని మా మనవడు ముందే చెప్పాడు గాని, హీలియం కరువుచేత ఆ యేడు అది కూడా మానేశారు. ఎదుటి జట్టు జార్జియా సదరన్ అని చిన్న విశ్వవిద్యాలయం. పెద్దవాళ్ళు సులభంగా ఒక గెలుపు వేసుకుందామని పిలిచే రకం. అటువంటి జట్టు ఆట ముగియడానికి 36 సెకన్లుండగా చివరి గీత దాటి, 45–42తో గెలిచి వెళ్ళిపోయింది. తిట్లు వినిపిస్తాయనుకున్నాను. వినిపించలేదు. పెళ్ళి ఆగిపోయిన పందిట్లోంచి లేచినట్టుగా జనం మాట్లాడకుండా లేచారు.

ఓడిన జట్టు కోచ్ పేరు స్కాట్ ఫ్రాస్ట్. ఈయన కథ తెలిస్తేగాని ఆ నిశ్శబ్దం అర్థం కాదు. పరాయివాడు కాడు. అదే రాష్ట్రంలో వుడ్ రివర్ అనే చిన్న వూళ్ళో పెరిగినవాడు. 1997లో ఇదే జట్టుకు నాయకత్వ స్థానంలో ఆడి జాతీయ విజేతను చేసినవాడు. 2017లో ఫ్లారిడాలో ఒక జట్టును ఓటమి ఎరగకుండా నడిపించాడు. ఆయన సొంతవూరికి తిరిగి వస్తున్నాడంటే, రాముడు అయోధ్యకు వస్తున్నట్టు ఎదురేగారు. ఆ తరువాత అయిదు సీజన్లలో గెలిచినవి 16, ఓడినవి 31.

2021లో మరీ చిత్రం జరిగింది. పన్నెండు ఆటల్లో తొమ్మిది ఓడారు. ఆ తొమ్మిదిట్లో ఒక్కటీ పది పాయింట్ల తేడాతో పోలేదు. చేతిదాకా వచ్చి జారిపోవడమే. దీనికి కోచ్ అసమర్థుడనాలా, దురదృష్టవంతుడనాలా? క్రీడల శాఖాధిపతి ట్రెవ్ ఆల్బర్ట్స్ మధ్యేమార్గం తొక్కాడు. ఆ నవంబరులో ఫ్రాస్టును ఉంచాడు; దాడి విభాగంలో నలుగురు సహాయ కోచ్‌లను ఒక్కరోజున పంపించేశారు. ఫ్రాస్టు జీతం యాభై లక్షల డాలర్ల నుంచి నలభైకి దించాడు. దానితోపాటు ఒక షరతు: ఆయన్ను మధ్యలో తీసేస్తే చెల్లించవలసిన కోటిన్నర డాలర్లు, 2022 అక్టోబరు 1 నుంచి సగమవుతాయి.

అదీ సంగతి. ఓడినది సెప్టెంబరు 10 రాత్రి. అక్టోబరు 1కి మిగిలినది యిరవై రోజులు. ఆ యిరవై రోజులు ఓర్చుకుంటే డెబ్బయి అయిదు లక్షల డాలర్లు మిగులుతాయి. మన లెక్కలో అరవై కోట్ల రూపాయలు!

ఆదివారం పొద్దున్న పొరుగింటాయన మమ్మల్ని కాఫీకి పిలిచాడు. ఆయన కూతురు ఒమాహాలో బడిపంతులమ్మ, వచ్చివుంది. వీధిలో ఇంకో ఇద్దరు పెద్దమనుషులు చేరారు. మా అల్లుడి స్నేహితుడు, వరంగల్లు కుర్రాడు, అక్కడే పరిశోధన చేస్తున్నవాడు, వచ్చాడు. ఆ వసారాలో రెండు గంటలు జరిగిన వాదన వింటే మన శాసనసభ గుర్తుకొచ్చింది. ఒక్క తేడా. ఇక్కడ ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు వింటున్నారు.

ముసలాయన వాదన రైతు వాదన. "ఇరవై రోజుల్లో మునిగేదేమిటి? నడుమ వున్నది ఒక్క ఆట. ఓక్లహోమాతో. అది ఎవడు నడిపినా ఓడేదే. ఆ తరువాత వారం ఖాళీ. ఆ ఒక్క శనివారం కోసం డెబ్బయి అయిదు లక్షలు మట్టిలో పోస్తారా?"

కూతురు ఒప్పుకోలేదు. "నాన్నా, నువ్వు డబ్బు లెక్క చెబుతున్నావు. ఆ పిల్లలకు కాలేజీలో నాలుగు సీజన్లు. ఆఖరి యేడు ఆడుతున్నవాడికి మిగిలినవి తొమ్మిది ఆటలు. పోతాడని అందరికీ తెలిసిన మనిషి మాట ఆ పిల్లలు మూడు వారాలపాటు వినాలా? మా బళ్ళో హెడ్మాస్టరుకు బదిలీ ఉత్తర్వు వచ్చిందని తెలిశాక ఒక్క పిల్లవాడు లైనులో నిలబడ్డాడా?"

రెండో పెద్దమనిషి కొత్త మాట తెచ్చాడు. తప్పు పెద్ద కోచ్‌ది కాదు, అడ్డుకునే విభాగం పెద్దది అని. "నలభై రెండు పాయింట్లు కొట్టాం. నలభై రెండు కొట్టి సొంత యింట్లో ఓడేవాడుంటాడా? తీసేస్తే ఆయన్ను తియ్యాలి."

"పోయినేడు దాడి గురువుల్ని తీశారు. ఈ యేడు అడ్డు గురువుల్ని తీస్తారు. పైయేడు నీళ్ళు మోసే కుర్రాడు," అన్నది పంతులమ్మ.

వరంగల్లు కుర్రాడికి ఆ డబ్బు మాట వినగానే కడుపు మండింది. తన నెలసరి భత్యం ఎంతో చెప్పి, కోటిన్నర డాలర్లతో తనలాంటివాళ్ళను ఎంతమందిని చదివించవచ్చో వేళ్ళమీద లెక్కపెట్టాడు. మా అల్లుడు సర్దిచెప్పబోయాడు, అది పన్నుల సొమ్ము కాదనీ, టిక్కెట్లూ టెలివిజనూ దాతలూ ఇచ్చేదనీ, ఆ శాఖ తన ఖర్చు తనే సంపాదించుకుంటుందనీ. కుర్రాడు వింటేనా? "దాతలకు ప్రయోగశాల కనపడదా అన్నా?" అన్నాడు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నా మట్టుకు నాకు ఆ రోజు విన్నవాటిలో అదే సరయిన ప్రశ్న అనిపించింది. కాని ఆ వసారాలో అది వేరే భాషలో అడిగినట్టే గాలిలో పోయింది.

అప్పుడు నన్నడిగారు. "మీరేమంటారు?"

నాకు ఆట తెలియదు. కాని ఈ బేరం బాగా తెలుసు. డెబ్బయ్యో దశకంలో మా వూళ్ళో ఒక నాటక సమాజం వుండేది. నేను కార్యదర్శిని. వరసగా మూడేళ్ళు పరిషత్తు పోటీల్లో మాకు బహుమతి రాలేదు. దర్శకుడు సమాజం పెట్టినవాడు, మా అందరికీ కావలసినవాడు, పైగా ఊరివాడు. ఆయన్ను కదిలించడానికి ఎవరికీ నోరు రాలేదు. కమిటీ కూర్చుని మొదట ప్రాంప్టరును మార్చింది. తరువాత మేకప్పు మనిషిని. మూడో యేడు హార్మోనిస్టును. పదకొండేళ్ళు మాతో తిరిగినవాడు. "ఇకమీదట మీ సేవలు అవసరం లేదు" అని వుత్తరం రాసింది ఈ చెయ్యే. ఆయన మారుమాట లేకుండా వచ్చి, సమాజం గదిలో వున్న తన పెట్టెను సైకిలు కారియరుకు కట్టుకుని వెళ్ళాడు. తాడు చాలకపోతే నేనే నా కండువా ఇచ్చాను. ఆ కండువా మర్నాడు ఎవరిచేతో పంపించాడు, ఉతికి, మడతపెట్టి. ఆ యేడూ మాకు బహుమతి రాలేదు.

ఇదంతా ఇంగ్లీషులో చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. హార్మోనియం అంటే ఏమిటో మా అల్లుడు మధ్యలో వివరించాడు. ముసలాయన తలూపి, "అయితే మీ ఓటు నా కూతురికే," అన్నాడు. కాదనలేదు గాని, నిజం చెప్పాలి: అరవై కోట్లు నా జేబులోవి అయివుంటే నేను ఇరవై రోజులూ నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. బదిలీ ఉత్తర్వు వచ్చిన హెడ్మాస్టరు బళ్ళో అల్లరి జరిగితే జరగనీ అనుకునేవాణ్ణి. వయసు మీదపడ్డాక మనిషికి డబ్బు లెక్క ముందు తోస్తుంది.

ఆ తరువాత ముసలాయన పాత కథ ఎత్తుకున్నాడు. అది వినదగింది.

వాళ్ళ రాష్ట్రంలో దేవుడితో సమానంగా చూసే కోచ్ బాబ్ డివేనీ. 1962లో వచ్చాడు. ఆయనే 1967లో ఆరు గెలిచి నాలుగు ఓడాడు. 1968లో మళ్ళీ అదే ఆరు, అదే నాలుగు. ఆఖరి ఆటలో ఓక్లహోమా చేతిలో 47–0. ఆయన్ను పంపించెయ్యాలని ఒమాహాలో సంతకాల పత్రం తిప్పారు. "మా నాన్న సంతకం పెట్టాడు," అన్నాడు ముసలాయన. డివేనీ పోలేదు. తన దగ్గర పనిచేస్తున్న యువకుడు టామ్ ఆస్‌బోర్న్‌కు దాడి పద్ధతి మొత్తం తిరగరాయమని అప్పగించాడు. 1970లోనూ, 1971లోనూ ఆ జట్టే దేశంలో మొదటిది. డివేనీ తరువాత ఆ ఆస్‌బోర్నే కోచ్ అయి యిరవై అయిదేళ్ళు నడిపి 255 ఆటలు గెలిచాడు. మూడుసార్లు జాతీయ విజేత.

ఇక్కడికి కథ విన్నవాళ్ళు, చూశారా, ఓపిక పట్టాలి అంటారు. కాని ఓపిక పట్టనందువల్ల వచ్చిన అనర్థం కూడా వుంది. ఆస్‌బోర్న్ తరువాత ఫ్రాంక్ సోలిచ్. డివేనీ జట్టులో ఆడినవాడు, ఆస్‌బోర్న్ వద్ద 19 ఏళ్ళు సహాయకుడుగా ఉన్నవాడు. 2001లో జాతీయ పోటీ తుది ఆటదాకా తీసుకువెళ్ళాడు. 2002లో ఏడు గెలిచి ఏడు ఓడాడు. అప్పుడూ ఇదే గోల. ఆయన సహాయకుల్ని మార్చాడు, కొత్తవాళ్ళను తెచ్చాడు. 2003లో తొమ్మిది గెలిచి మూడే ఓడాడు. అంటే, మార్పు పనిచేసింది! ఆఖరి ఆట గెలిచిన మర్నాడే ఆయన్ను తీసేశారు. తొమ్మిది గెలుపులు చాలవట.

ఆ తరువాత జాబితా వినండి. క్యాలహాన్ నాలుగేళ్ళు, మొదటి యేడే, 1961 తరువాత ఎన్నడూ ఎరగని విధంగా, గెలిచినవాటికంటే ఓడినవి ఎక్కువ. పెలీనీ ఏడేళ్ళు, యేటా తొమ్మిదికి తక్కువ లేకుండా గెలిచాడు, అయినా తీసేశారు. రైలీ మూడేళ్ళు, 19 గెలుపులు, 19 ఓటములు. ఆయన తరువాత ఫ్రాస్టు. తొమ్మిది గెలిస్తే చాలదన్న ఊళ్ళో ఇప్పుడు ఆరు గెలిస్తే తీర్థం పోయినంత పుణ్యం.

"2003లో మీరేమన్నారు?" అని అడిగాను ముసలాయన్ని.

ఆయన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. కూతురే చెప్పింది. "రేడియోకు ఫోను చేశాడు. సోలిచ్‌ను తీసెయ్యమని. నేను పక్కనే వున్నాను."

"పదినిమిషాలు లైనులో నిలబెట్టారు," అన్నాడు ముసలాయన, అదేదో తన తప్పును తగ్గించేదన్నట్టు. "నా తండ్రి డివేనీని వద్దన్నాడు. నేను సోలిచ్‌ను వద్దన్నాను. ఇద్దరమూ పొరబడ్డాము. ఇప్పుడు ఈ కుర్రాణ్ణి వద్దనడానికి నాకు భయం. అందుకే డబ్బు మాట పెట్టుకున్నాను."

అప్పటిదాకా ఆయన్ను వట్టి పిసినారి అనుకున్న నాకు కొంచెం సిగ్గువేసింది.

మధ్యాహ్నానికి వార్త వచ్చింది. ఆల్బర్ట్స్ ఇరవై రోజులు ఆగలేదు. ఫ్రాస్టుకు ఉద్వాసన, ఆ సీజను మిగతా భాగానికి సహాయ కోచ్‌లలో మిక్కీ జోసెఫ్ అనే ఆయన తాత్కాలిక కోచ్. ఫ్రాస్టును తీసేయించిన గెలుపు ఎవరిదంటే, క్లే హెల్టన్ అనే కోచ్‌ది. ఆయన్ను సరిగ్గా ఏడాది క్రితం, 2021 సెప్టెంబరులో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు సీజను రెండో ఆట కాగానే ఇదే విధంగా పంపించేశారు. ఆ సంగతి మా మనవడు చెప్పాడు. "ఆయన పనికిరాడన్నారు తాతయ్యా, మరి మనల్ని ఎలా ఓడించాడు?" పన్నెండేళ్ళ వాడికి జవాబు చెప్పలేక, హోంవర్కు అయిందా అని అడిగాను.

ఇరవై రోజుల బేరంలో ఎవరు నెగ్గారో తేల్చుకోండి. తరువాతి శనివారం ఓక్లహోమా 49–14తో ఓడించింది. మర్నాడు తాత్కాలిక కోచ్ అడ్డు విభాగం పెద్దను తీసేశాడు. వసారాలో రెండో పెద్దమనిషి కోరిక ఆ విధంగా తీరింది. అక్టోబరు 1న ఇండియానా మీద గెలిచారు. ఆ సీజను మొత్తం నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు. ఆగివుంటే మూడు గెలిచేవారో, అయిదు గెలిచేవారో. నవంబరులో మ్యాట్ రూల్ అనే కొత్త కోచ్ వచ్చాడు. ఎనిమిదేళ్ళకు ఏడు కోట్ల నలభై లక్షల డాలర్ల ఒప్పందం. 2023లో అయిదు గెలిచి ఏడు ఓడాడు. 2024 నవంబరులో, సీజను నడుస్తూండగానే, దాడి విభాగం పగ్గాలు మరొకరి చేతికి మారాయి. ఆ యేడు ఏడు గెలిచారు. 2016 తరువాత మొదటిసారి సీజను అనంతరపు ఆటకు వెళ్ళి అదీ గెలిచారు. సహాయకుణ్ణి మార్చడం పనిచేసిందని కొందరు, కోచ్‌కు కాలం ఇచ్చినందుకు పనిచేసిందని కొందరు అంటున్నారని అల్లుడు ఫోనులో చెప్పాడు. "మామయ్యగారూ, ఈసారి మీరు వస్తే వసారా చాలదు," అన్నాడు.

పొరుగింటాయన టిక్కెట్లు వదులుకోలేదు. 2023 ఏప్రిల్లో, వాళ్ళలో వాళ్ళే రెండు పక్షాలుగా ఆడుకునే వసంతకాలపు ఆటకు మా మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ రోజు ఆ స్టేడియంలోకి ఫ్రాంక్ సోలిచ్‌ను పిలిచి సన్మానం చేశారు. తీసేసిన తరువాత, దాదాపు ఇరవై ఏళ్ళకు, ఆయన అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. జనమంతా లేచి చప్పట్లు కొట్టారట. కాసేపటికి అందరూ కూర్చున్నారు. పొరుగింటాయన కూర్చోలేదు. వెనక వరసవాళ్ళు కనపడటం లేదని రెండుసార్లు అన్నారని, ఆయనకు వినపడలేదేమోనని తనే చొక్కా పట్టుకుని లాగానని మా మనవడు చెప్పాడు.